ముద్రణ విద్యకు అప్పు: ముందు లెక్క, పిదప సంతకము

కళాశాలలలో ప్రవేశముల కాలము వచ్చినది. ప్రతి సంవత్సరము ఈ దినములలో మన సంఘ కార్యాలయమునకు తల్లిదండ్రుల రాకపోకలు హెచ్చును. కొందరు పిల్లల మాతృభాష తెలుగని ధ్రువపరచు లేఖకై వత్తురు. కొందరు భాషాల్పసంఖ్యాకుల కళాశాలలలో మనవారికై కేటాయించిన స్థానములకు సిఫారసు కోరుదురు. అడిగినవారికి అడిగిన లేఖను వ్రాసి ఇచ్చి, శుభమని పలికి పంపుటతో మన కర్తవ్యము తీరినదని ఇంతకాలము తలచుచుంటిమి. ఆ తలంపు చాలదని ఇటీవల ఒక తండ్రి రాకవలన మాకు తెలిసివచ్చినది.

ఆయన విరుదునగరము జిల్లావారు. ముప్పది సంవత్సరములుగా శివకాశిలో ఒక ముద్రణాలయమున బైండింగు పని చేయుచున్నారు. ఇంట తెలుగు, వీథిలో తమిళము. కుమార్తె పన్నెండవ తరగతి మంచి మార్కులతో నెగ్గినది. తండ్రి ఇంటికి తెచ్చిన పాడైన అచ్చు కాగితముల వెనుక బొమ్మలు వేయుచు, అక్షరములు దిద్దుచు పెరిగిన పిల్ల. ముద్రణయు, గ్రాఫిక్ రూపకల్పనయు నేర్పు నాలుగేండ్ల పట్టమునకు ఒక ప్రైవేటు కళాశాలలో చేరదలచినది. ఏటికి రూ. 1,50,000 చొప్పున మొత్తము రూ. 6,00,000 వ్యయము. బ్యాంకువారు అప్పు ఇచ్చుటకు సమ్మతించిరి. ఆయనకు మా వలన కావలసినది ఒక్క సిఫారసు లేఖ మాత్రమే.

లేఖ వ్రాయుటకు ముందు మేము మూడు ప్రశ్నలు అడిగితిమి. చదువు ముగిసిన పిదప నెలకు ఎంత వాయిదా కట్టవలెను? ఆ పట్టము పొందినవారికి మొదటి సంవత్సరమున చేతికి వచ్చు జీతమెంత? ఆ జీతపు మాట మీకు చెప్పినవారెవరు? వాయిదా సంగతి తాము అడుగలేదని ఆయన అనిరి. జీతమునకు కళాశాలవారి పుస్తకములో అచ్చువేసిన పెద్ద అంకె నొకదానిని చూపిరి. చదివి చూడగా అది ఆ కళాశాలలో ఒకే ఒక విద్యార్థికి లభించిన అత్యధిక జీతము. ఆ విద్యార్థి చదివినది ముద్రణ కాదు, కంప్యూటరు శాస్త్రము. మూడవ ప్రశ్నకు వేరుగా సమాధానము అక్కరలేకపోయెను.

తన ముద్రణాలయములో యంత్రము నడపువారి కూలి ఎంతయో ఆయనకు పైసలతో సహా తెలియును. ముద్రణ పట్టభద్రుని జీతము మాత్రము తెలియదు. ఏలయన అచ్చట అట్టి పట్టభద్రుడు ఒక్కడును లేడు. ముప్పది యేండ్లు ఈ పనిలో నున్నవారి స్థితియే ఇది యైనచో, తక్కిన తల్లిదండ్రుల మాట చెప్పనేల?

ఈ విద్యను తక్కువచేయుట మా ఉద్దేశము కాదని మొదటనే విన్నవించుచున్నాము. ముద్రణ మనకు కొత్త విద్య కాదు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులవారు చెన్నపట్టణమున స్థాపించిన ముద్రణాలయము తెలుగు, సంస్కృత గ్రంథములను ఇంటింటికి చేర్చినది. 1947 జూలైలో చందమామ వెలువడినది కూడ ఆ పట్టణముననే. శివకాశి చరిత్ర మరియొక విధమైనది. 1922లో పి. అయ్య నాడారు, ఎ. షణ్ముఖ నాడారు అను బంధువు లిరువురు కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చి వచ్చిరి. అగ్గిపెట్టెలకు చీటీలు కావలసివచ్చెను. చీటీలకై అచ్చుయంత్రములు వచ్చెను. అచ్చుయంత్రముల వెంట క్యాలెండర్లు, డైరీలు, పాఠ్యపుస్తకములు వచ్చెను. ఈ పరిశ్రమను నిలిపినవారిలో అధికులు పనిలో చేరి పని నేర్చినవారే. వారు విద్యకై అప్పు చేయలేదు.

అట్లని నేడును అందరు యంత్రము ప్రక్కన నిలిచియే నేర్చుకొనవలెనని అనజాలము. నేటి ముద్రణాలయములో రంగును కంటితో గాక కొలమానముతో నిర్ణయింతురు. ఔషధముల పెట్టె, నూనె సంచి, బిస్కత్తు పొట్లము వీని ముద్రణకు ప్లాస్టిక్కు పొరలు, సిరాలు, జిగురులు, ఆహార నియమములు తెలిసినవారు కావలెను. నాణ్యత పరీక్ష, ఉత్పత్తి ప్రణాళిక, పొట్లముల రూపకల్పన, వ్యయపు అంచనా, యంత్రముల విక్రయము, మరమ్మతు ఇట్టి పనులలో పట్టమునకు విలువ గలదు. నోట్ల ముద్రణాలయములును, ప్రభుత్వ ముద్రణాలయములును ముద్రణ విద్య చదివినవారిని పోటీ పరీక్షల మీద తీసికొనుచున్నవి. అయితే అట్టి స్థానములు కొద్ది. కావున ప్రశ్న చదువవలెనా వద్దా అనునది కాదు. ఎచ్చట, ఎంత అప్పుతో అనునదే ప్రశ్న.

ఇక లెక్కకు వత్తము. పై తండ్రిగారి అంకెలనే తీసికొందము. ఏటికి రూ. 1,50,000 వంతున నాలుగు సంవత్సరములు అప్పు. వడ్డీ నూటికి పది అనుకొందము. సాధారణముగా చదువు సాగినంత కాలము, దానిపై మరి యొక సంవత్సరము వాయిదా కట్టనక్కరలేదు. ఇది దయవలె కనిపించును గాని వడ్డీ మాత్రము ఆగదు. మొదటి విడత మొత్తముపై ఐదేండ్లు, రెండవదానిపై నాలుగేండ్లు, మూడవదానిపై మూడేండ్లు, నాలుగవదానిపై రెండేండ్లు సాధారణ వడ్డీ నడచును. అది మొత్తము రూ. 2,10,000. అనగా మొదటి వాయిదా కట్టు నాటికి అప్పు రూ. 6,00,000 కాదు, రూ. 8,10,000.

దీనిని పదేండ్లలో తీర్పదలచినచో నెలకు సుమారు రూ. 10,700 కట్టవలెను. మొత్తము చెల్లించునది రూ. 12,80,000కు పైమాట. పదునైదేండ్లకు పొడిగించినచో నెలసరి వాయిదా రూ. 8,700 అగును, కాని మొత్తము రూ. 15,60,000 దాటును. వాయిదా తగ్గినదని సంతోషించువారు కాలము పెరిగినదని గమనింపరు.

ఇప్పుడు జీతము. చెన్నపట్టణములో ప్రారంభోద్యోగికి చేతికి నెలకు రూ. 18,000 వచ్చునని లెక్కకై అనుకొందము. ఇది ఎవరి జీతమును కాదు. మీరు విచారించి తెలిసికొన్న అంకెను దీని స్థానమున ఉంచుకొనుడు. ఇందులో రూ. 10,700 బ్యాంకునకు పోయిన పిదప మిగులునది రూ. 7,300. పట్టణములో గది అద్దె, భోజనము, బస్సు, ఫోను, ఇంటికి పంపవలసిన నాలుగు రూకలు అన్నియు ఇందులోనే. ఇది సాగు పని కాదు. సాగనప్పుడు వాయిదా తప్పును. ఈ అప్పులో తండ్రియో తల్లియో సహఋణగ్రహీతగా సంతకము చేయుదురు గనుక, ఒక్క వాయిదా తప్పిన మచ్చ ఇద్దరి పేర్లకును అంటును. తరువాత తమ్ముని చదువునకు అప్పు కావలసి బ్యాంకునకు వెళ్లిన నాడు ఆ మచ్చ ముందుగా కనిపించును.

జీతము ఏటేట పెరుగును, వాయిదా పెరుగదు కదా అని కొందరందురు. వడ్డీరేటు మారకున్నంతవరకు ఆ మాట నిజమే. ఐదారేండ్లు గడచిన పిదప అదే వాయిదా తేలికగా తోచవచ్చును. కాని చిక్కు వచ్చునది మొదటి మూడేండ్లలో. వంతెన తరువాత రహదారి ఎంత చక్కగా నున్నను, దాటవలసినది మొదట వంతెనయే.

కావున మేము సూచించు కొలత ఒకటి గలదు. నెలసరి వాయిదా, మొదటి సంవత్సరపు చేతిజీతములో నాలుగవ వంతునకు మించరాదు. పై ఉదాహరణములో నాలుగవ వంతు రూ. 4,500. పదేండ్లలో తీర్చు పద్ధతిని, చదువు కాలపు వడ్డీతో కలిపి చూచినచో, ఈ వాయిదాకు సరిపోవు అప్పు సుమారు రూ. 2,50,000 మాత్రమే. చదువు కాలపు వడ్డీని ఎప్పటికప్పుడు కట్టగలిగినచో రూ. 3,40,000 వరకు పోవచ్చును. ఆరు లక్షలు ఈ కొలతకు అందవు. ఇది చట్టము కాదు, శాస్త్రమును కాదు, గృహస్థుని జాగ్రత్త. తల్లిదండ్రుల ఇంటనే యుండి ఉద్యోగము చేయువారు మూడవ వంతువరకు సాహసింపవచ్చును.

అప్పును తగ్గించు మార్గములు లేకపోలేదు. ఒకటి, స్థానము. గిండీ ఇంజనీరింగు కళాశాల వంటి ప్రభుత్వ సంస్థలో ముద్రణ సాంకేతిక విద్యకు చోటు దొరికినచో రుసుము ప్రైవేటు కళాశాలలో కట్టుదానిలో స్వల్పభాగమే యుండును. మన భాషాల్పసంఖ్యాక స్థానము సులువుగా దొరకునని కౌన్సెలింగునకు దరఖాస్తు పెట్టక మానినవారిని మేమెరుగుదుము. సులువుగా దొరకిన స్థానము చవుకైన స్థానమని అర్థము కాదు. తమిళనాడులో కుటుంబమున మొదటి పట్టభద్రులగు పిల్లలకు కౌన్సెలింగు ద్వారా చేరినప్పుడు రుసుములో రాయితీ గలదు. ప్రభుత్వ పాఠశాలలో చదివినవారికి 2021 నుండి వృత్తివిద్యలలో నూటికి ఏడున్నర స్థానములు ప్రత్యేకింపబడినవి. ఈ రెండును కోల్పోయి లక్షల అప్పు తలకెత్తుకొనుట వివేకము కాదు.

రెండు, డిప్లొమా. చెన్నపట్టణము తరమణిలోని ముద్రణ సాంకేతిక సంస్థ వంటి చోట్ల పదవ తరగతి పిదప మూడేండ్ల డిప్లొమా చదువవచ్చును. డిప్లొమా ముగించి, ఒకటి రెండేండ్లు పనిచేసి, ఈ వృత్తి తమకు నచ్చునో నచ్చదో తెలిసికొని, పిదప పట్టపు చదువున నేరుగా రెండవ సంవత్సరములో చేరవచ్చును. ఒక సంవత్సరపు రుసుము మిగులును. చేతిలో కొంత సొమ్మును ఉండును. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద డిప్లొమావారికిని, పట్టభద్రులకును ఒక సంవత్సరము భృతితో కూడిన శిక్షణ గలదు. భృతి స్వల్పమే; కాని ఆ సంవత్సరము నేర్చినది యజమాని యెదుట తరగతిగది చదువుకంటె ఎక్కువ పలుకును.

మూడు, వడ్డీ. కుటుంబ వార్షికాదాయము రూ. 4,50,000కు లోబడినచో, న్యాక్ గాని ఎన్.బి.ఏ. గాని గుర్తించిన సంస్థలలో సాంకేతిక, వృత్తివిద్యలకు చేసిన అప్పుపై చదువు కాలపు వడ్డీని కేంద్రప్రభుత్వమే భరించు పథకము 2009 నుండి నడచుచున్నది. 2024 నవంబరులో ఆమోదింపబడిన విద్యాలక్ష్మి పథకము, ఎంపికచేసిన ఉన్నత సంస్థలలో చేరినవారికి, ఆదాయము రూ. 8,00,000 వరకు గల కుటుంబములకు కూడ వడ్డీలో కొంత ఉపశమనము కల్పించినది. మీ కళాశాల ఆ పట్టికలో నున్నదో లేదో చేరుటకు ముందే అడుగుడు. ఏ పథకమును వర్తింపకున్నచో, చదువు కాలపు వడ్డీని నెలనెల కట్టుటకు యత్నింపుడు. పై ఉదాహరణములో అది మొదటి సంవత్సరము నెలకు రూ. 1,250, నాలుగవ సంవత్సరమున రూ. 5,000. అట్లు కట్టినచో తరువాతి వాయిదా రూ. 10,700 నుండి రూ. 7,900కు దిగును, మొత్తముమీద లక్షకు పైగా మిగులును. మరియొక మాట: బ్యాంకుల ఆదర్శ విద్యాఋణ పథకము ననుసరించి రూ. 7,50,000 వరకు అప్పునకు ఆస్తి తాకట్టు అక్కరలేదు. ఇంటి పత్రములు తెమ్మన్న చోట కారణము వ్రాతమూలకముగా అడుగుడు.

కళాశాలవారిని అడుగవలసినవి కూడ ఉన్నవి. అత్యధిక జీతము చెప్పవద్దు; జీతములను వరుసగా పేర్చినప్పుడు నడుమ నిలుచు జీతము చెప్పుడని అడుగవలెను. అది ఈ పట్టము చదివినవారిదేనా, అన్ని శాఖలవారిదా అని అడుగవలెను. ఉద్యోగము దొరికినదన్నవారిలో ముద్రణ, రూపకల్పన పనులలో చేరినవారెందరు, సాఫ్ట్‌వేరు సంస్థలకు పోయినవారెందరు అని అడుగవలెను. రెండేండ్ల క్రిందట చదువు ముగించినవారిలో ఇద్దరు ముగ్గురితో మాటాడింపుమని కోరవలెను. సమాధానము చెప్పని కళాశాల కూడ ఒక సమాధానము చెప్పినట్లే.

ఇంకొక విషయమును మన పెద్దలు అంతగా తలపోయరు. అప్పునకు ఆయుష్షు ఉన్నట్లే విద్యకును ఆయుష్షు గలదు. సీసపు అక్షరములను ఏర్చి కూర్చిన కంపోజిటర్లు ఒకప్పుడు ముద్రణాలయమునకు ప్రాణము. 1985లో పేజ్‌మేకర్ వచ్చినది. ఒక తరము గడచులోపల ఆ వృత్తియే అంతరించినది. 2022 తరువాత వ్యాప్తికి వచ్చిన కృత్రిమ మేధ సాధనములు, కొత్తగా చేరినవారికి ఇచ్చు చిన్నచిన్న బొమ్మల పనిని, పుటల అమరికను క్షణములలో చేయుచున్నవి. నేడు నేర్చిన సాఫ్ట్‌వేరు ఐదేండ్లలో పాతబడవచ్చును. దానికై చేసిన అప్పు పదేండ్లు, పదునైదేండ్లు కొత్తగానే యుండును. కావున పాఠ్యప్రణాళికను తెప్పించి చూడుడు. రంగు, కాగితము, సిరా, అక్షరరూపము, పొట్లముల శాస్త్రము, వ్యయపు అంచనా ఇవి ఎక్కువగా నున్నచో ఆ విద్య అప్పుకంటె ఎక్కువ కాలము బ్రతుకును. ఏవో మూడు సాఫ్ట్‌వేరులను నడపుటయే చదువైనచో, అది కొద్దినెలల శిక్షణలో తక్కువ వెలకు దొరకును. దానికి నాలుగేండ్ల పట్టము, పదేండ్ల అప్పు అక్కరలేదు.

ఈ సందర్భమున మన భాషను గూర్చి ఒక మాట. ఆంధ్ర, తెలంగాణ విపణులకు పోవు పొట్లములమీదను, క్యాలెండర్లమీదను వత్తులు తారుమారైన తెలుగును మనము చూచుచునే యున్నాము. అక్షరము చదువలేనివారు అక్షరమును కూర్చినందున వచ్చిన తప్పులవి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము పిదప తమిళనాట తెలుగు చదువు తగ్గినది; ఇంట మాటాడి, వ్రాయుట ఎరుగని పిల్లలే హెచ్చు. ముద్రణ విద్యలో చేరదలచిన మన పిల్ల తెలుగు చదువను, వ్రాయను, దోషములు దిద్దను నేర్చినచో, అందుకు రుసుము లేదు, వడ్డీ లేదు. ఆమెకు మాత్రము తోటివారికి లేని పనితనము ఒకటి చేకూరును. దానివలన జీతము రెట్టింపగునని మేము చెప్పము. ఒకే స్థానమునకు ఇద్దరు వచ్చిన నాడు అది అక్కరకు రావచ్చునని మాత్రము చెప్పుదుము.

ఆడపిల్లల విషయమున పెద్దలు పైకి చెప్పక మనసులో దాచుకొను సంశయము నొకదానిని మేము దాచము. పదేండ్ల వాయిదాల నడుమ పెండ్లి వచ్చును. పట్టము ఆమె వెంట వెళ్లును; వాయిదా పుట్టింటనే మిగులునా? ఈ భయముచేతనే కొందరు ఆడపిల్లను చదువు మాన్పించి, అదే సొమ్మును పెండ్లికి అప్పుచేయుదురు. పెండ్లి అప్పు తిరిగి సంపాదించిపెట్టదు. మితమైన చదువు అప్పు సంపాదించిపెట్టును. తన జీతముతో తన అప్పు తానే తీర్చుకొందునని పిల్లయు, అట్లు తీర్చుకొనుట ఆమె హక్కని వరుని వారును సంబంధము కుదురు నాడే ఒప్పుకొనుట మేలు. అప్పు చిన్నదైనచో ఈ మాట తేలికగా పలుకవచ్చును. అప్పు పెద్దదైనచో నోరు రాదు. అప్పును కొలతలో నుంచుటకు ఇది మరియొక కారణము.

చదువును రూపాయలతో తూచుట తగునా అని అడుగువారున్నారు. చదువును తూచుట తగదు. చదువునకై చేయు అప్పును తూచి తీరవలెను. అసలు అప్పే వలదను వారును ఉన్నారు. వారి మాట వినియుండినచో మన పిల్లలలో ఎందరో ఇంజనీర్లు, ఉపాధ్యాయులు కాకపోయెడివారు. మేము ఈ రెండు పక్షములలోను చేరము.

ఇక మన సంఘము చేయవలసినది. ఈ సంవత్సరము నుండి సిఫారసు లేఖతోపాటు ఒక కాగితమును జతపరచి ఇత్తుము. అందు అప్పు, చదువు కాలపు వడ్డీ, నెలసరి వాయిదా, విచారించి తెలిసికొన్న మొదటి జీతము, ఆ జీతము చెప్పినవారెవరు అను ఐదు గడులుండును. వానిని నింపునది తండ్రి కాదు, చదువబోవు విద్యార్థియే. గడులు నిండకున్నను లేఖ ఇత్తుము; ఖాళీగడి మాత్రము ఇంటికి వెంట వెళ్లును. ముద్రణాలయములు నడపు మన పాఠకులకు ఒక మనవి: పట్టభద్రునికి మీరు ఇచ్చు జీతము, డిప్లొమావారికి ఇచ్చు జీతము, అనుభవజ్ఞుడైన యంత్రపు పనివానికి ఇచ్చు జీతము ఎంతయో మాకు వ్రాయుడు. పేరు ప్రకటింపము. ఈ విద్య చదివి పనిలో నున్న యువతీయువకులును తమ మొదటి జీతము, నేటి జీతము, మిగిలిన అప్పు మూడు ముక్కలలో తెలుపగోరెదము. వచ్చినవానిని వచ్చినట్లు ఈ పుటలలో ముద్రింతుము.

ఆ తండ్రిగారు లేఖను తీసికొని వెళ్లిరి. మరునాడు ఆయన కుమార్తె స్వయముగా వచ్చి, ఐదు గడులలో మూడింటిని నింపి చూపినది. రూ. 10,700 అను అంకె క్రింద రెండు గీతలు గీసియుండెను. కౌన్సెలింగులో ప్రభుత్వ కళాశాలకై దరఖాస్తు పెట్టినదట. అది రానిచో ఏమి చేయవలెనో ఇంకను నిశ్చయింపలేదట. మిగిలిన రెండు గడులకై, చదువు ముగించి పనిలో నున్నవారెవరైన తెలియుదురా అని మమ్ము అడిగినది. మా వద్ద ఒక్క పేరును లేకపోయెను. అందుకు మేము సిగ్గుపడితిమి. ఈ సంచిక చదువువారు ఆ సిగ్గును తీర్తురని నమ్ముచున్నాము.